పెప్టైడ్: పేరొకటే, దారులు వేరు

జిమ్‌లో భుజం పట్టేసిందంటే చాలు, పక్కనున్నవాడు ‘బీపీసీ వేసుకో, వారంలో సర్దుకుంటుంది’ అంటున్నాడు. చర్మం మెరవాలంటే గ్లూటాథయాన్ ఎక్కించుకోమని బ్యూటీ క్లినిక్ బోర్డు చెబుతోంది. మందుల షాపు అద్దాల వెనక కొలాజెన్ పొడి డబ్బాలు వరుసగా కనిపిస్తున్నాయి. పెళ్లి భోజనాల దగ్గర ఎవరు సన్నబడ్డారన్న కబురు వచ్చినా, వెంటనే వారానికో సూది సంగతి బయటికొస్తోంది. ఈ నాలుగూ పెప్టైడ్లే. వీటిలో ఒకటి వేల మంది మీద పరీక్షలకు నిలిచి, ప్రభుత్వ అనుమతితో, డాక్టర్ చీటీ మీద అమ్ముడయ్యే మందు. ఒకటి ప్రయోగశాల ఎలుకల దగ్గరే చాలావరకు ఆగిపోయింది. మిగతా రెండూ నడిమధ్యలో ఉన్నాయి. అన్నింటికీ ఒకటే పేరు కావడంతో, ఒకదాని మంచిపేరును చూపించి ఇంకొకదాన్ని అమ్ముతున్నారు. అందుకే ఈ పేరు వెనక ఏముందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

అమైనో ఆమ్లాల గొలుసు

పప్పు, పాలు, గుడ్డు, మాంసం ఏది తిన్నా అందులోని ప్రొటీన్ 20 రకాల అమైనో ఆమ్లాల కలయికే. ఒక అమైనో ఆమ్లం చివర ఇంకొకదాని మొదటికి అతుక్కునేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది. అప్పుడు ఏర్పడే ముడే పెప్టైడ్ బంధం. రెండు ఆమ్లాలు కలిస్తే డైపెప్టైడ్, మూడు కలిస్తే ట్రైపెప్టైడ్. రమారమి 50 దాకా ఉన్న గొలుసును పెప్టైడ్ అనీ, అంతకు మించితే ప్రొటీన్ అనీ అనడం వాడుక. ఈ హద్దు మరీ కచ్చితమైనదేమీ కాదు. 51 ఆమ్లాలున్న ఇన్సులిన్‌ను కొన్ని పుస్తకాలు పెప్టైడ్ అంటాయి, కొన్ని ప్రొటీన్ అంటాయి.

గొలుసులో ఏ స్థానంలో ఏ ఆమ్లం ఉందన్నదే అసలు సంగతి. ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే హార్మోన్లు రెండూ మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచే విడుదలవుతాయి. రెండింటిలోనూ తొమ్మిదేసి ఆమ్లాలు. తేడా రెండు స్థానాల్లోనే. అంత చిన్న తేడాతోనే ఒకటి కాన్పు సమయంలో గర్భసంచిని ముడుచుకునేలా చేసి, ఆ తర్వాత తల్లికి పాలు చేపేలా చేస్తుంది. రెండోది ఒంట్లోని నీటిని వృథా పోనివ్వద్దని మూత్రపిండాలకు కబురు పంపుతుంది. గేదెలు పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా పొడిచే సూది మందు కూడా ఈ ఆక్సిటోసినే. ప్రసూతి వార్డులో తల్లి ప్రాణం నిలిపే మందు పశువుల పాకలో దుర్వినియోగం అవుతోంది. పెప్టైడ్ ఒకటే అయినా ఎవరికి, ఎందుకు, ఎంత ఇస్తున్నారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

‘ఒంట్లో ఉండేదే కదా, హానేముంటుంది’ అనేది ఈ వ్యాపారంలో ఎక్కువగా వినిపించే మాట. ఇన్సులిన్ ఒంట్లో ఉండేదే, మోతాదు మించితే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం పోతుంది. ప్రకృతిలో దొరికేదే కదా అన్న వాదనా నిలవదు. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగులో ఉండి కాలేయాన్ని నాశనం చేసే ఆల్ఫా అమానిటిన్ ఎనిమిది ఆమ్లాల పెప్టైడ్. సముద్రపు కోన్ నత్తల విషమూ పెప్టైడ్లే. ఆ విషంలోని ఒక పెప్టైడ్ ఆధారంగా తయారైన జికోనొటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. బ్రెజిల్ అడవుల్లోని జరారాకా పాము విషంలో దొరికిన పెప్టైడ్ల మీద పరిశోధనే క్యాప్టోప్రిల్ అనే బీపీ మాత్రకు దారితీసింది. పెప్టైడ్ అని వినగానే మంచిదనీ అనుకోలేం, చెడ్డదనీ అనుకోలేం.

టొరంటోలో ఆ పన్నెండు రోజులు

పెప్టైడ్ మందుల కథ 1922 జనవరి 11న కెనడాలోని టొరంటో జనరల్ ఆసుపత్రిలో మొదలైంది. మధుమేహంతో చావుకు దగ్గరైన లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి పశువుల క్లోమం నుంచి తీసిన రసాన్ని సూదితో ఎక్కించారు. చక్కెర కొద్దిగా తగ్గిందే కానీ, ఆ రసం పిల్లవాడి ఒంటికి పడలేదు. సూది వేసిన చోట వాచి గడ్డకట్టింది. ఇక ఆపేశారు. జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త రాత్రింబవళ్లు కూర్చుని ఆ రసాన్ని మరింత శుద్ధి చేశాడు. పన్నెండు రోజుల తర్వాత, జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి చక్కెర బాగా దిగింది, మూత్రంలో కీటోన్లు మాయమయ్యాయి. ఆ అబ్బాయి ఇంకో 13 ఏళ్లు బతికాడు.

రెండుసార్లు ఎక్కించిందీ అదే హార్మోన్. మారింది శుద్ధి ఒక్కటే. ఇవాళ ఆన్‌లైన్‌లో వచ్చే పొడి సీసాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

విన్సెంట్ డు విన్యో 1953లో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, రెండేళ్లకు నోబెల్ అందుకున్నాడు. హార్మోన్‌గా పనిచేసే పెప్టైడ్‌ను మనిషి చేత్తో నిర్మించడం అదే మొదలు. 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ చిన్న రెసిన్ పూసలకు మొదటి ఆమ్లాన్ని అతికించి, దాని మీద ఒక్కొక్కటిగా మిగతావి చేర్చుకుంటూ పోయే పద్ధతి చెప్పాడు. దానికి 1984లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. పెప్టైడ్లు చౌకగా, ఎవరు ఆర్డరిచ్చినా దొరికేలా తయారవడానికి మూలం ఈ పద్ధతే.

అయితే ఇందులో ఒక లెక్క ఉంది. 30 ఆమ్లాల గొలుసు కట్టాలంటే 29 సార్లు అతికించాలి. ప్రతిసారీ 99 శాతం సరిగ్గా అతికాయనే అనుకుందాం. చివరికి వచ్చేసరికి సరైన గొలుసులు 75 శాతమే మిగులుతాయి. మిగతా పాతికలో ఒక ఆమ్లం తప్పిపోయినవీ, సగంలో తెగినవీ ఉంటాయి. వాటిని వేరుచేసి పారేయడంలోనే మందుల కంపెనీ శ్రమ, ఖర్చు కనిపిస్తాయి. అలా వేరుచేయకపోతే ఆ తప్పు గొలుసులు సూది ద్వారా నేరుగా ఒంట్లోకి వెళ్తాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివాటిగా గుర్తించి ఎదురు తిరిగితే అలర్జీ రావచ్చు.

మాత్రగా ఎందుకు మింగలేం?

జీర్ణవ్యవస్థ ఉన్నదే పెప్టైడ్ బంధాలను తెంచడానికి. కడుపులో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ ఏ గొలుసు కనిపించినా కత్తిరిస్తాయి. అందుకే నూరేళ్లు దాటినా ఇన్సులిన్ ఇంకా ఎక్కువగా సూదిగానే ఇస్తున్నారు.

రక్తంలోకి చేరినా గండం గడవదు. భోజనం చేశాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్ విడుదలై, ఇన్సులిన్‌ను పెంచి, ఆకలిని తగ్గిస్తుంది. మంచి మందయ్యే లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. కానీ డీపీపీ-4 అనే ఎంజైమ్ రక్తంలో దాన్ని రెండు నిమిషాల్లోనే సగం చేసేస్తుంది. 1992లో అమెరికా వైద్యుడు జాన్ ఎంగ్ అక్కడి ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో అలాంటి పెప్టైడ్‌నే కనిపెట్టాడు. అది అంత త్వరగా విరగదు. దాన్నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అనుమతి దొరికింది. దాన్ని రోజుకు రెండుసార్లు పొడుచుకోవాలి.

ఆ తర్వాత వచ్చిన సెమాగ్లుటైడ్‌లో ఎంజైమ్ కత్తిరించే చోటున్న ఆమ్లాన్ని మార్చి, గొలుసుకు ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. ఆ కొవ్వు తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది కాబట్టి మందు రోజుల తరబడి ఒంట్లో తిరుగుతుంది, వారానికి ఒక్క సూది చాలు. దీనికి మాత్ర రూపం కూడా ఉంది. లేచీ లేవగానే ఖాళీ కడుపుతో, కొద్దిపాటి నీళ్లతో మింగి, అరగంట దాకా ఏమీ తినకూడదు. పీల్చుకోవడానికి తోడ్పడే రసాయనం కలిపినా, అన్ని జాగ్రత్తలు తీసుకున్నా, రక్తంలోకి చేరేది మాత్రలోని మందులో ఒక శాతం కూడా ఉండదు. పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి శ్రమిస్తేనే ఇంత సాధ్యమైంది. కాబట్టి ఎవరైనా నాలుక కింద చుక్కలుగానో, క్యాప్సూల్‌గానో పెప్టైడ్ అమ్ముతుంటే, అది రక్తంలోకి ఎలా చేరుతుందో అడగడం మన హక్కు.

పరీక్షకు నిలిచినవి

వైద్యంలో పెప్టైడ్లు పాతుకుపోయి చాలా కాలమైంది. ఇన్సులిన్, ఆక్సిటోసిన్ సంగతి అందరికీ తెలిసిందే. ఎముకలు గుల్లబారిన వారికి 34 ఆమ్లాల టెరిపారటైడ్ ఇస్తారు. కొన్ని రకాల హార్మోన్ గడ్డలకు ఎనిమిది ఆమ్లాల ఆక్ట్రియోటైడ్, ప్రొస్టేట్ క్యాన్సర్‌కు, ఎండోమెట్రియోసిస్‌కు తొమ్మిది ఆమ్లాల ల్యూప్రొలైడ్ వాడతారు. వీటన్నిటికీ మోతాదు, దుష్ఫలితాలు, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి కాగితం మీద స్పష్టంగా రాసి ఉన్నాయి.

బరువు తగ్గించే సూదుల దగ్గరకొస్తే, 2021లో వెలువడిన స్టెప్-1 పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాలు సెమాగ్లుటైడ్ తీసుకున్నవారు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది తీసుకున్నవారు తగ్గింది 2.4 శాతమే. ఇరుపక్షాలకూ ఆహారం, వ్యాయామం విషయంలో సలహాలు ఇచ్చారు. అందువల్ల ఆ తేడా మందు వల్లనే వచ్చిందని గట్టిగా చెప్పగలం. అదే పరీక్షకు కొనసాగింపుగా, మందు ఆపేసిన ఏడాదికి చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. పెళ్లికో పండగకో సన్నబడి మానేద్దామనుకునేవారు తెలుసుకోవాల్సింది ఈ రెండో సంగతి.

ఇలాంటిదే మరో వారపు సూది టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో వచ్చింది. సెమాగ్లుటైడ్ మూల పేటెంట్‌కు మన దేశంలో 2026 మార్చి దాకానే గడువు. అందుకని జనరిక్ తయారీకి సిద్ధపడిన దేశీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. ధర దిగితే నిజంగా అవసరమున్న మధుమేహ రోగులకు మేలే. కానీ చౌకైన కొద్దీ అవసరం లేనివారి చేతుల్లోకీ వెళ్తుంది.

దుష్ఫలితాలూ తెలిసినవే. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం చాలామందికి వస్తాయి. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు అరుదుగా రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా కొంత కరుగుతుంది కాబట్టి ప్రొటీన్ తినడం, బరువులెత్తడం మానకూడదు. మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఉన్నవారు వీటి జోలికి పోకూడదు. గర్భం దాల్చాలనుకునేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి, ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ఈ సూది సంగతి ముందే చెప్పాలి.

చర్మం పేరుతో

కొలాజెన్ చర్మానికీ, ఎముకకూ, కీళ్లకూ బలమిచ్చే ప్రొటీన్. అందులో మూడు గొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయని 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. పెప్టైడ్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చూపిన రామచంద్రన్ పటం 1963లో వెలువడింది, ఇప్పుడు ప్రపంచమంతటా జీవరసాయన పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన పక్కనే పుట్టిన ఆ విజ్ఞానానికీ, ఇప్పుడు డబ్బాల మీద రాస్తున్న మాటలకూ చాలా దూరం.

పొడి డబ్బాల్లో ఉండేది పశువుల చర్మం, ఎముకలు, చేప పొలుసుల వంటివాటి నుంచి తీసి ముక్కలు చేసిన కొలాజెన్. అది తిన్నాక చాలావరకు మామూలు అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. కొన్ని రెండు మూడు ఆమ్లాల ముక్కలు అలాగే రక్తంలోకి చేరతాయన్నది నిజమే. అయినా పాత ఇల్లు కూల్చిన ఇటుకలు మళ్లీ అదే గోడకు వెళ్తాయన్న హామీ ఎలా లేదో, తిన్న కొలాజెన్ ముఖం మీది ముడతల దగ్గరికే చేరుతుందన్న హామీ కూడా లేదు. చర్మంలో తేమ, సాగే గుణం కొంత పెరిగాయన్న అధ్యయనాలు ఉన్నాయి. 2025లో 23 పరీక్షలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, కంపెనీల డబ్బుతో సంబంధం లేని పరీక్షలను విడదీసి చూస్తే ప్రయోజనం కనిపించలేదు. ఈ పొడి వల్ల పెద్ద హాని లేదు, ఖర్చే ఎక్కువ. కొనేవారు డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, ఏ జంతువు నుంచి తీశారన్న వివరం చూసుకోవాలి. శాకాహారులకు ఇది మరీ ముఖ్యం.

క్రీముల్లోని పెప్టైడ్లకు ఇంకో అడ్డంకి ఉంది. చర్మపు పైపొర 500 డాల్టన్ల కంటే బరువైన అణువులను లోపలికి రానివ్వడం కష్టం. ఒక్కో అమైనో ఆమ్లం సగటున 110 డాల్టన్లు ఉంటుంది. ఐదు కలిస్తేనే ఆ హద్దు దాటిపోతుంది. అందుకే రాగితో కలిసిన జీహెచ్‌కే వంటి మూడు ఆమ్లాల పెప్టైడ్లనూ, కొవ్వు ఆమ్లం తగిలించిన చిన్న గొలుసులనూ వాడతారు. ఫలితం ఉన్నా స్వల్పమే, ప్రమాదమూ తక్కువే. మంట, దురద వస్తే మానేయాలి.

గ్లూటాథయాన్ సంగతి అలాంటిది కాదు. గ్లూటమిక్ ఆమ్లం, సిస్టీన్, గ్లైసిన్ కలిసిన ఈ ట్రైపెప్టైడ్‌ను మన కాలేయం రోజూ తయారుచేసుకుంటుంది. చర్మం తెల్లబడుతుందన్న ఆశతో దీన్ని పెద్ద మోతాదుల్లో నరానికి ఎక్కించుకుంటున్నారు. ఒకవేళ రంగు కాస్త తేలినా, ఆపగానే పాత రంగే వస్తుంది. ఈ వాడకం మీద ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం, ఒళ్లంతా పొక్కులొచ్చి చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ జబ్బు ఆ హెచ్చరికల్లో ఉన్నాయి. పెళ్లి చూపుల కోసం పిల్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క పేరా అయినా చదవాలి.

ఎలుకల దగ్గర ఆగినవి

బీపీసీ-157 అనేది 15 ఆమ్లాల గొలుసు. కడుపు రసంలోని ఒక ప్రొటీన్ ముక్క అని చెబుతారు. దీని మీద పరిశోధన ఎక్కువగా క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో, ఎలుకల మీద జరిగింది. తెగిన స్నాయువులు త్వరగా అతికాయనీ, పేగు పుండ్లు మానాయనీ ఫలితాలు చూపారు. ఆసక్తికరమైన ఫలితాలే. కానీ మనుషుల మీద, ఉత్తుత్తి మందుతో పోల్చి, పెద్ద సంఖ్యలో జరిపిన పరీక్షలు లేవు. కొత్త రక్తనాళాలు పుట్టించే గుణం పుండు మానడానికి పనికొస్తే, ఒంట్లో ఎక్కడో దాగిన క్యాన్సర్ గడ్డకూ రక్తం అందించవచ్చన్న భయం సిద్ధాంతపరంగా ఉంది. ఆ భయం నిజమో కాదో తేల్చే పరీక్షలూ జరగలేదు.

ఎలుక ఫలితం మనిషికి అలాగే వర్తించదని టెరిపారటైడ్ చరిత్రే చెబుతుంది. ఎలుకల్లో అది ఎముక క్యాన్సర్ తెచ్చింది. అందువల్ల ఏళ్ల తరబడి మందు పెట్టె మీద గట్టి హెచ్చరిక వేశారు. మనుషుల్లో ఆ ప్రమాదం కనబడకపోవడంతో 2020లో అమెరికాలో ఆ హెచ్చరికను తీసేశారు. ఎలుకకు కీడైంది మనిషికి కాకపోయినట్టే, ఎలుకకు మేలైంది మనిషికి కాకపోనూవచ్చు. తేల్చాల్సింది మనుషుల మీది పరీక్షలే.

అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు బీపీసీ-157ను మందుగా ఆమోదించలేదు. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్నీ, గ్రోత్ హార్మోన్‌ను పెంచుతాయని అమ్మే సీజేసీ-1295, ఇపామోరెలిన్‌లనూ, ఫార్మసీలు సొంతంగా కలిపి తయారుచేస్తే గణనీయమైన ప్రమాదం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా బీపీసీ-157ను 2022 నుంచి నిషేధించింది. టీబీ-500 అనే పెప్టైడ్, గ్రోత్ హార్మోన్ విడుదల చేయించే పెప్టైడ్లు కూడా నిషిద్ధమే. కబడ్డీ, కుస్తీ, అథ్లెటిక్స్ పోటీలకు సిద్ధమయ్యే పిల్లలకు కోచ్ చెప్పాడని ఏదైనా సూది పొడిస్తే, దొరికినప్పుడు శిక్ష పడేది పిల్లలకే.

ఆస్ట్రేలియాలో అదే జరిగింది. ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్ 2012 సీజన్‌లో ఆటగాళ్లకు పుష్టి కార్యక్రమం పేరుతో సూదులు వేయించింది. వాటిలో నిషిద్ధమైన థైమోసిన్ బీటా-4 అనే పెప్టైడ్ ఉందని 2016 జనవరిలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం తేల్చింది. అప్పటి, మాజీ ఆటగాళ్లు కలిపి 34 మంది ఆ ఏడాది ఆటకు దూరమయ్యారు. ఎవరికి ఏ సూది ఎప్పుడు వేశారన్న రాతకోతలు కూడా సరిగా లేవు. డాక్టర్లూ డబ్బూ ఉన్న క్లబ్‌లోనే పరిస్థితి అది.

సీసాలో ఏముంది?

ఆన్‌లైన్‌లో అమ్మే పెప్టైడ్ సీసా మీద సాధారణంగా చిన్న అక్షరాల్లో ‘పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అని ఉంటుంది. అమ్మేవాడికి చట్టం నుంచి రక్షణ ఆ వాక్యమే. కొన్నవాడికి అలాంటి రక్షణ ఏమీ లేదు.

‘99 శాతం శుద్ధం’ అన్న పరీక్ష కాగితాన్ని చూసి నమ్మేవారు ఉన్నారు. ఆ పరీక్ష చెప్పేది సీసాలోని పెప్టైడ్ గొలుసుల్లో సరైనవి ఎన్ని అన్న సంగతే. సూక్ష్మజీవులు లేవనీ, చచ్చిన బ్యాక్టీరియా గోడల నుంచి మిగిలే ఎండోటాక్సిన్ లేదనీ, సీసా మీద రాసినన్ని మిల్లీగ్రాములు లోపల ఉన్నాయనీ అది చెప్పదు. ఎండోటాక్సిన్ కొద్దిగా ఉన్నా చాలు, చలిజ్వరం, రక్తపోటు పడిపోవడం మొదలవుతాయి. ఆ కాగితం ఆ సీసాదేనా అన్న ప్రశ్నకూ జవాబుండదు. 2025 జూలైలో లాస్ వేగస్‌లో జరిగిన ఒక యవ్వన సంరక్షణ సమ్మేళనంలో పెప్టైడ్ ఇంజెక్షన్లు తీసుకున్న ఇద్దరు మహిళలు ఆసుపత్రిలో వెంటిలేటర్ దాకా వెళ్లారు.

ఇక మోతాదు లెక్క. పొడిని నీళ్లలో కలిపి, ఇన్సులిన్ సిరంజితో యూనిట్లలో కొలవమని వీడియోలు నేర్పుతున్నాయి. మన దేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. యూ-40లో ఒక మిల్లీలీటరుకు 40 గీతలు, యూ-100లో 100 గీతలు. అమెరికా వీడియోల్లో కనిపించేది యూ-100. ఆ వీడియో చూసి 10 యూనిట్లు అనుకున్నవాడు యూ-100లో తీస్తే 0.1 మిల్లీలీటరు వస్తుంది, మన మందుల షాపులో దొరికిన యూ-40లో తీస్తే 0.25 మిల్లీలీటరు. తెలియకుండానే రెండున్నర రెట్లు. అమెరికాలో సీసాల్లో కలిపి అమ్మిన సెమాగ్లుటైడ్ విషయంలో కొందరు చెప్పిన మోతాదుకు 5 నుంచి 20 రెట్లు పొడుచుకుని ఆసుపత్రి పాలయ్యారని ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. అందుకే తొలిసారి వాడేవారికి, మోతాదు ముందే అమర్చిన పెన్నే సురక్షితం.

మొదలుపెట్టే ముందు

పెప్టైడ్ ఏదైనా, ఎవరు చెప్పినా, ఐదు ప్రశ్నలకు జవాబు దొరికాకే ముందుకెళ్లాలి. దీని అసలు పేరేమిటి? నాకున్న ఏ సమస్యకు ఇస్తున్నారు? ఆ సమస్య మీద మనుషుల్లో పరీక్షించారా? మన దేశంలో దానికి అనుమతి ఉందా? తేడా వస్తే బాధ్యత ఎవరిది? ‘సీక్రెట్ ఫార్ములా’, ‘కాక్‌టెయిల్’ అన్న మాట వినిపిస్తే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోవచ్చు.

అనుమతి ఉన్న మందు వాడేవారికి జాగ్రత్తలు ఇవి. చీటీ రాసే డాక్టర్‌కు పాత జబ్బులు, వాడుతున్న మాత్రలు, ఇంట్లో క్యాన్సర్ చరిత్ర, గర్భం సంగతి దాచకుండా చెప్పాలి. మధుమేహానికి ఇన్సులిన్‌గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగానీ వాడుతుంటే వాటి మోతాదు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే చక్కెర మరీ పడిపోతుంది. మందు లైసెన్సున్న షాపులో, బిల్లుతో కొనాలి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో చూసుకోవాలి. తెరవని పెన్నులను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పారేయాలి. మే నెల ఎండలో కారులో వదిలేసిన పెన్నును తిరిగి వాడకూడదు. రెంటచింతలలో, రామగుండంలో ఉండేవారికి ఈ మాట మరీ ముఖ్యం.

తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెల నెలా పెంచడం సెమాగ్లుటైడ్ పద్ధతి. తొందరపడి రెండు మెట్లు ఒకేసారి ఎక్కితే వాంతులతో మంచం పడతారు. సూది వేసే చోటు మారుస్తూ ఉండాలి. పెన్ను మీది సూది ప్రతిసారీ కొత్తదే ఉండాలి. భార్యాభర్తలైనా ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు. వాడిన సూదులను చెత్తబుట్టలో వేయకుండా, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచి ఆసుపత్రిలో ఇచ్చేయాలి.

ముఖం, పెదాలు వాచినా, ఊపిరి అందకపోయినా, వీపు దాకా పాకే కడుపునొప్పి ఆగకపోయినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ సూది తీసుకున్నారో డాక్టర్‌కు నిజం చెప్పాలి, వీలైతే సీసా వెంట తీసుకెళ్లాలి. సిగ్గుపడి దాచిపెడితే వైద్యం ఆలస్యమవుతుంది.

ఇంతా చెప్పాక తీర్పు కష్టం కాదు. పెప్టైడ్లు నూరేళ్లుగా ప్రాణాలు నిలుపుతున్నాయి, ఇంకా నిలుపుతాయి. ఆ ఘనత మనుషుల మీద పరీక్షకు నిలిచి, శుభ్రంగా తయారై, డాక్టర్ చూపు కింద వాడినవాటిది. మిగతావాటికి ఆ ఘనత అప్పివ్వకండి. కీళ్లనొప్పి ఉంటే ఎముకల డాక్టర్‌కూ, చర్మం బాగాలేకపోతే చర్మవైద్యుడికీ ముందు చూపించండి. ఏ మందు వల్లనైనా తేడా చేస్తే దేశవ్యాప్త ఔషధ భద్రతా కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024కు చెప్పండి. ఆ ఫోన్ రోగులూ చేయవచ్చు, డాక్టరే చేయాలన్న నియమం లేదు.